బోలి బాబాయి వదిలిన చెయ్యి

జోగ్జా,
సెప్టెంబర్ చివరి ఆదివారం.

దామి అన్నయ్యకు,

"కథలు రాయడం నేర్చుకోవడానికి కాలేజీ ఎందుకే? మన ఊరి ముసలమ్మలు ఏ కాలేజీలో చదివారు?" అని అడిగావు. నేనీ పట్నంలో రోజంతా ఏం చేస్తానో రాయమని అమ్మ కూడా అందన్నావు. సరే, ఈ వారమంతా రాస్తున్నాను. అమ్మకు చదివి వినిపించు. మధ్యలో నీ సొంత మాటలు కలపకు.

సోమవారం పొద్దున కథారచన క్లాసు. రత్రి మేడం అని ఒకావిడ చెప్తారు. సన్నగా ఉంటారు, గొంతు మాత్రం పడవలో కూర్చుని ఒడ్డు మీద వాళ్ళను పిలిచినట్టుంటుంది. మా కథల్ని పేర్లు చెప్పకుండా చదివి, అందరిచేతా మాట్లాడిస్తారు. ఈసారి నాది చదివారు. సాయంత్రం పూట రేవు, ఆరేసిన వలలు, వంటపొగ, చర్చి గంట. నాలుగు పేజీలు. చదివి కళ్ళజోడు తీసి, "చాలా అందంగా ఉంది. ఇందులో ఎవరికీ ఏమీ కాలేదు" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. బస చేరేదాకా ఆ మాట చెవిలోంచి పోలేదు.

మధ్యాహ్నాలు పర్తో గారి టైపు కొట్టులో పని. పట్టా పుచ్చుకోబోయే విద్యార్థులు సిద్ధాంత గ్రంథాలు తెచ్చిస్తారు, మేం టైపు చేసి పెడతాం. ఈ వారం నాకు దొరికింది మేకల కడుపులో పురుగుల మీద. మన మేకలు ఎందుకు చిక్కిపోతాయో ఇప్పుడు నాకు బాగా తెలుసు, అడుగు చెప్తాను. పర్తో గారు మంచివారే. తప్పు కొడితే తిట్టరు, పక్కన నిలబడి నిట్టూరుస్తారు. దానికంటే తిట్టడమే నయం.

బుధవారం క్లాసు లేదు, గ్రంథాలయానికి వెళ్ళాను. ఎక్కడో మంచు దేశపు నవల ఒకటి చదువుతున్నాను. మధ్యలో పేజీలు ఎవరో చింపుకుపోయారు. ఆ చిరిగిన చోట ఏం జరిగి ఉంటుందో నేనే అల్లుకుంటూ ముందుకు పోతున్నాను. నిజం చెప్పనా, పుస్తకంలో ఉన్నదానికంటే నేను అల్లుకున్నదే నాకు బాగుంది.

శనివారం సాయంత్రం మా క్లాసు వాళ్ళం టీ బండి దగ్గర చేరతాం. అరటాకులో పిడికెడు అన్నం, ఎండుచేప ముక్క, గ్లాసుడు అల్లం టీ, రెండు గంటల వాదన. ఒకడి తాత జైలుకెళ్ళాడట. ఒకమ్మాయి పిన్ని ఇద్దరు మొగుళ్ళను వదిలేసి మఠంలో చేరిందట. అందరి దగ్గరా కథలున్నాయి. "మీ దీవిలో ఏముంది?" అని నన్నడిగారు. సముద్రం అన్నాను. ఇంకా? సముద్రమే అన్నాను.

ఇవాళ చర్చి నుంచి వచ్చి కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. నాన్న గురించి రాయాలని ఉంది అన్నయ్యా. ఆ రోజు నీటి మీద ఏం జరిగిందో బోలి బాబాయి నీతో ఎప్పుడైనా అన్నాడా? రోజూ ఒకే పడవలో వెళ్తారు కదా. ఒక్క ముక్కైనా చెప్పి ఉండడా?

అమ్మ మోకాలు ఎలా ఉంది? ఈ చివరి పేరా అమ్మకు చదవకు.

నీ చెల్లి,
లియా

*

వాయ్‌బురా,
అక్టోబర్ మధ్యలో.

లియాకు,

చివరి పేరా చదవలేదు. మిగతాదంతా అమ్మ రెండుసార్లు చదివించుకుంది. మేకల పురుగుల దగ్గర బాగా నవ్వింది. "దాన్ని అంత దూరం పంపింది మేకల వైద్యానికా?" అంది. మోకాలు అలాగే ఉంది. మునగాకు వేడిచేసి కడుతోంది.

ఎండు గాలులు ఆగాయి. ట్యూనా పడుతోంది. నేను, బాబాయి, ఇంకో నలుగురం వెళ్తున్నాం. బాబాయి పడవ ముందు భాగంలో కూర్చుంటాడు, నేను వెనక. మధ్యలో మాటలన్నీ ఆ నలుగురివే.

నువ్వడిగినదానికి జవాబు: చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ పడమటి గాలి రోజు పడవ తిరగబడ్డాక ఆయనొక్కడే ఒడ్డుకు కొట్టుకొచ్చి, "అన్న వెనకాలే వస్తున్నాడు" అన్నాడు. ఆ మాట విన్నవాళ్ళలో నువ్వూ ఉన్నావు. నాలుగేళ్ళుగా అంతకు మించి ఒక్క ముక్క రాలేదు. కల్లు తాగినా రాలేదు.

మొన్న వంశం పెద్దలు మళ్ళీ వచ్చారు. మనిషి దొరకలేదు కాబట్టి ఆనవాయితీ ప్రకారం మనిషికి బదులు ఒక శంఖాన్ని పెట్టెలో పెట్టి పూడ్చేద్దాం, ఆత్మ అలా నీళ్ళ మీద తిరుగుతుంటే ఊరికి మంచిది కాదన్నారు. అమ్మ వాళ్ళకు మొక్కజొన్న అటుకులు పెట్టి, కాఫీ ఇచ్చి, "ఆయన వెనకాలే వస్తున్నాడు. వచ్చాక మీరే ఆయనతో మాట్లాడుకోండి" అంది. ఆమె ఆ మాట అనేసరికి బాబాయి లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఎప్పుడూ అంతే.

ఆ సంగతి వదిలెయ్. రాయడానికి నీకు వేరే ఏమీ దొరకలేదా? ఆ మఠంలో చేరిన పిన్ని గురించి రాయి.

దామి

*

జోగ్జా,
నవంబర్.

అన్నయ్యకు,

రాసేశాను. వదిలెయ్ అన్నావు, నీ ఉత్తరం వచ్చేసరికే సగం అయిపోయింది. కోప్పడకు.

ఎలా జరిగిందో చెప్తాను. మంగళవారం టైపు కొట్టులో ఎవరిదో లెక్కల పట్టిక కొడుతున్నాను. వర్షం మొదలైంది. రేకుల మీద వాన చప్పుడు, గదిలో ఎనిమిది మెషీన్ల చప్పుడు. రెండూ కలిసి అచ్చం పడవ అడుగున నీళ్ళు కొట్టుకున్నట్టు వినిపించింది. చేతులు ఆగిపోయాయి. పర్తో గారు పక్కకొచ్చి నిట్టూర్చారు. "ఒక అరగంట నా సొంతది కొట్టుకుంటాను, జీతంలో కోసుకోండి" అన్నాను. ఆయన కాసేపు నన్ను చూసి, "కాగితం నీది వాడుకో" అని వెళ్ళిపోయారు. అరగంట అన్నది కొట్టు మూసేదాకా సాగింది. బుధవారం గ్రంథాలయానికి పోలేదు. గురువారం రెండు క్లాసులు ఎగ్గొట్టాను. ఆ వారం ఏం తిన్నానో అడిగితే చెప్పలేను. ఇలా కూడా ఉంటుందని నాకు తెలియదన్నయ్యా. గొంతులో ఏళ్ళుగా అడ్డం పడిన ముల్లు దానంతట అదే కదిలినట్టుంది.

సోమవారం రత్రి మేడం చదివారు. చదవడం అయ్యాక ఆవిడ కళ్ళజోడు తీయలేదు. "ఎవరి కథ ఇది?" అన్నారు. ఆవిడ అలా అడగడం అదే మొదటిసారి. నేను చెయ్యెత్తాను.

మన దీవుల్లోకి వచ్చే వారపత్రిక ఉంది కదా, ఫాదర్ గారింటికి వస్తుంది, దానికి పంపుతానన్నారు. "సముద్రం వాళ్ళది, ముందు వాళ్ళే చదవాలి" అన్నారు. నేను సరేనన్నాను. కాదనాలని అనిపించలేదు. నా పేరు అచ్చులో మన ఊరికి రావాలని అనిపించింది.

పేర్లు అన్నీ మార్చాను. ఊరి పేరు కూడా. అది కథే. వచ్చాక నువ్వే చదువుతావు, ఇప్పుడు చెప్పను.

బాబాయికి నా నమస్కారాలు చెప్పు.

లియా

*

వాయ్‌బురా,
జనవరి.

పస్కాలియాకు,

నీ కథ వచ్చింది.

పత్రిక ఫాదర్ గారి దగ్గర నుంచి పీతర్ మాస్టారికి చేరింది. చిన్నప్పుడు నీకు అక్షరాలు దిద్దించింది ఆయనే కదా, సంతోషం పట్టలేకపోయాడు. ఆదివారం పూజ అయ్యాక చర్చి అరుగు మీద నిలబడి, "మన పిల్ల రాసింది, అందరూ వినండి" అన్నాడు. ఊరంతా కూర్చుంది. బోలి బాబాయి కూడా కూర్చున్నాడు, నా పక్కనే. నీ పేరు చదవగానే నన్ను మోచేత్తో పొడిచి నవ్వాడు.

అన్నదమ్ములిద్దరు వేటకు వెళ్ళారని మొదలైంది. "చెవి తెగిన తమ్ముడు" అని రాగానే అందరూ బాబాయి వైపు తిరిగి నవ్వారు. ఆయనా తెగిన చెవి పట్టుకుని చూపించాడు. పేరు మార్చానన్నావు. చెవి మార్చలేదు.

తర్వాత పడవ తిరగబడింది. తెడ్డు కర్ర ఒకటే మిగిలింది. ఇద్దరి బరువుకీ అది మునుగుతోంది. తమ్ముడు అన్న చెయ్యి పట్టుకుని ఉన్నాడు. అన్న తన భార్యను పేరు పెట్టి పిలుస్తున్నాడు. తమ్ముడికి తన చిన్నపిల్ల గుర్తొచ్చింది. చెయ్యి వదిలేశాడు.

మాస్టారు అక్కడ ఆపేసి ఉండాల్సింది. కానీ ఆయన మొదలుపెట్టిన పాఠం చివరిదాకా చెప్పందే ఊరుకోడు. ఒడ్డుకొచ్చి వదినతో అబద్ధం చెప్పడం, జీవితాంతం ఆ చెయ్యి కడుక్కోవడం, అంతా చదివాడు. అయిపోయాక బాబాయి లేచాడు. టోపీ దులిపి పెట్టుకున్నాడు. ఇంటికి నడిచాడు. ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు పడవ దగ్గరికి ఆ నలుగురూ రాలేదు. ఒకడికి జ్వరమట, ఒకడి భార్యకు జ్వరమట. ఇంకో ఇద్దరు కబురు కూడా పంపలేదు. నేను వెళ్ళాను. ఇసకలో నిలబడ్డాను. బాబాయి నన్ను చూసి, "నీకూ జ్వరమేనా?" అన్నాడు.

"వల బాగుచేసుకోవాలి బాబాయ్" అన్నాను.

ఆయన తలూపి, పడవను ఒక్కడే తోసుకున్నాడు. ఆరుగురు తోయాల్సిన పడవ. చాలాసేపు పట్టింది. నేను చూస్తూ నిలబడ్డాను. ఎందుకు ఎక్కలేదో నాకే తెలియదు. ఆ క్షణానికి నాకు అది నిజమనిపించింది. నువ్వు అంత బాగా రాశావు.

అమ్మ మోకాలి నొప్పితో ఆ ఆదివారం చర్చికి రాలేదు. మధ్యాహ్నానికి పక్కింటివాళ్ళు ఆ కథ ఆమె చెవిన వేశారు. సాయంత్రం నన్ను పిలిచి, ఆ పత్రిక తెచ్చి చదవమంది.

"అది కథమ్మా."

"కథే చదువు."

చెయ్యి వదిలే చోట ఆగిపోయాను. "ఆపకు" అంది. మొత్తం విన్నాక అడిగింది, "ఇది దానికి బోలి చెప్పాడా?"

"లేదు."

"మరి దానికెలా తెలుసు?"

అమ్మకు జవాబు నువ్వే చెప్పు.

దామియానుస్

*

జోగ్జా,
ఫిబ్రవరి.

అన్నయ్యా,

నీ ఉత్తరం అందిన రోజు టైపు కొట్టుకు వెళ్ళాను, ఏం కొట్టానో తెలియదు. క్లాసుకు వెళ్ళాను, ఏం విన్నానో తెలియదు. ఆ ముందు వారమే అందరూ నాకు టీలు ఇప్పించారు, పత్రిక చేతులు మారింది, జూనియర్లు వచ్చి మాట్లాడారు. నేను కొత్త కథకు ఎత్తుగడ కూడా రాసుకున్నాను. అదంతా నీకు రాద్దామని దాచుకున్నాను.

రత్రి మేడం దగ్గరికి వెళ్ళి నీ ఉత్తరం చూపించాను. మొత్తం చదివి, "ఇది నిజంగా జరిగిందా?" అన్నారు. నాకు తెలియదన్నాను.

"మరి చెవి?"

"చెవి నిజం."

"చెవి ఎందుకు మార్చలేదు?"

"చెవి లేకపోతే ఆ మనిషి నాకు కనిపించడం లేదు మేడం."

ఆవిడ ఉత్తరం మడిచి నా చేతికిచ్చారు. "పత్రికకు పంపుతానన్నప్పుడు ఇది అడగాల్సింది నేను. నాకు కథే కనిపించింది" అన్నారు. ఆ మాటతో ఆవిడ మీద వేసేద్దామని మోసుకెళ్ళిన బరువు మళ్ళీ నా మీదే మిగిలింది.

అమ్మకు చెప్పు. నాకేమీ తెలియదమ్మా. ఊహించాను. చిరిగిన పేజీలో ఏముందో అల్లుకున్నట్టు అల్లాను.

ఒకటి మాత్రం నీకే చెప్తున్నాను. ఎందుకు అలాగే అల్లానో ఇన్నాళ్ళూ ఆలోచించాను. ఇంకో రకంగా అల్లొచ్చు. అల ఒకటొచ్చి విడదీసిందని రాయొచ్చు. ఆ రోజు ఒడ్డుకు పరిగెత్తుకొచ్చినప్పుడు, దూరం నుంచి ఒక మనిషి ఇసకలో పాకుతూ కనిపించాడు. నాన్నే అనుకున్నాను. దగ్గరికొస్తే బాబాయి. అప్పుడు నాకు ఆయన మీద వచ్చిన కోపం ఇంకా పోలేదన్నయ్యా. పద్నాలుగేళ్ళ పిల్ల కోపం అది. లోపల ఉందని కూడా నాకు తెలియదు. రాస్తున్నప్పుడు గొంతులో ముల్లు దానంతటదే కదిలిందని నీకు గొప్పగా రాశాను కదా. కదిలించింది ఆ కోపమే.

దీనితో ఇంకో కాగితం పెడుతున్నాను. పీతర్ మాస్టారికిచ్చి అదే అరుగు మీద చదివించు. అది పూర్తిగా నా కల్పన అనీ, బోలి బాబాయి ఏనాడూ అలాంటిదేమీ చెప్పలేదనీ, ఆయన పేరుకు మచ్చ తెచ్చినందుకు క్షమించమనీ రాశాను.

వద్దామంటే పరీక్షలు దగ్గరపడ్డాయి, ఈ గాలుల్లో ఓడలు ఎప్పుడు కదులుతాయో తెలియదు. ఇవి సాకులేనని నాకూ తెలుసు. ఆయన ముఖం చూసే ధైర్యం లేదు.

బాబాయి పడవ ఎక్కు అన్నయ్యా. నువ్వైనా ఎక్కు.

లియా

*

వాయ్‌బురా,
మార్చి చివర.

లియాకు,

నీ కాగితం మాస్టారు చదివాడు. ఈసారి కాగితం మీంచి తల ఎత్తలేదు. అరుగు మీద వాళ్ళు విన్నారు. వెనకనుంచి ఒకడు, "గొడవైంది కాబట్టి ఇప్పుడు అబద్ధమంటోంది" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. అంతే. అచ్చులో వచ్చింది నిజం, చేత్తో రాసింది అబద్ధం. ఊరు అలా నిర్ణయించేసింది.

నేను పడవ ఎక్కాను. మర్నాడే వెళ్ళాను. బాబాయి వెనక చోటు చూపించాడు. ఇద్దరమే కాబట్టి దూరం పోలేకపోయాం. వలలో పడింది కూడా అంతంతే.

తర్వాత జరిగింది జాగ్రత్తగా రాస్తాను. నేను అక్కడే ఉన్నాను, కాబట్టి ఊహ ఏమీ లేదు.

ఒక సాయంత్రం బాబాయి మన ఇంటికొచ్చాడు. అమ్మ మొక్కజొన్న దంచుతోంది. ఆయన గుమ్మం లోపలికి రాలేదు, మెట్టు మీద కూర్చున్నాడు. "వదినా, లియా రాసినట్టు కాదు" అన్నాడు.

అమ్మ దంచడం ఆపలేదు. "కాదని తెలుసు" అంది.

"నీకెలా తెలుసు?"

"ఆయన నన్ను పేరు పెట్టి పిలిచాడని రాసింది. పెళ్ళైన నాటి నుంచి ఒక్కసారి కూడా పిలవలేదు. అక్కడ తెలిసిపోయింది, పిల్ల కల్పించిందని."

బాబాయి రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు. తెడ్డు కర్ర కాదట, పడవ పక్కకు కట్టే వెదురు బొంగు. నాన్న కాలు విరిగింది. బాబాయి ఒక చేత్తో బొంగు, ఒక చేత్తో నాన్నను పట్టుకున్నాడు. ఇద్దరూ మునుగుతున్నారు. నాన్న, "వదలరా" అన్నాడు. వదలనన్నాడు. మళ్ళీ అన్నాడు. వదల్లేదు. అప్పుడు నాన్న రెండో చేత్తో బాబాయి వేళ్ళు విప్పదీశాడట, చిటికెన వేలు మొదలుపెట్టి ఒక్కొక్కటే. బాబాయికి చలికి చెయ్యి మొద్దుబారింది. పట్టు నిలవలేదు.

"వేళ్ళు విప్పుతూ ఏమన్నాడో చెప్పనా వదినా? 'మీ వదినతో చెప్పు, నేను వెనకాలే వస్తున్నానని.' ఒడ్డుకొచ్చి అదే చెప్పాను. నాతో ఏం చెప్పమన్నాడో అదే చెప్పాను. నువ్వు నిజంగా ఎదురుచూస్తావని నేననుకోలేదు. రెండు రోజులకు తెలుసుకుంటావనుకున్నాను. తర్వాత ఎలా చెప్పను? చెబితే ఆయన చివరి మాటని నేను అబద్ధం చేసినట్టవుతుంది."

అమ్మ రోకలి గోడకు ఆనించింది. "నాలుగేళ్ళు" అంది. ఏడవలేదు. కాసేపటికి లేచి బాబాయి చెయ్యి తీసుకుని చూసింది. చిన్నపిల్లాడి చేతిలో ముల్లు గుచ్చుకుంటే చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసి వదిలేసింది.

మూడో రోజున పెద్దలను పిలిపించి, బాబాయి చెప్పిందంతా వాళ్ళకు చెప్పింది. శంఖం బాబాయే తెచ్చాడు. తెల్ల గుడ్డలో చుట్టి, చిన్న పెట్టెలో పెట్టి, మన తాత పక్కన పూడ్చాం. ఊరంతా వచ్చింది. పడవ ఎక్కని ఆ నలుగురూ గొయ్యి తవ్వారు. అందులో ఒకడు బాబాయి దగ్గరికొచ్చి, "రేపటి నుంచి వస్తాం అన్నా" అన్నాడు.

"పడవ దామికి ఇచ్చేశాను. వాణ్ణి అడగండి" అన్నాడు బాబాయి.

ఆ మాట నాకూ అప్పుడే తెలిసింది. ఆ వారాంతానికే వెళ్ళిపోయాడు, సముద్రం అవతల మలేషియా వైపు, తావావ్ దగ్గర పామాయిల్ తోటల్లోకి. పిన్ని, పిల్ల ఇక్కడే ఉన్నారు. రేవులో బతిమాలాను. "ఊరు నీకు క్షమాపణ చెప్పినట్టే కదా బాబాయ్, ఎందుకు పోతావు?" అన్నాను. "వీళ్ళు నమ్మడానికి ఒక్క ఆదివారం చాలింది రా. నా పక్కన ఇన్నేళ్ళు తెడ్డు వేసినవాళ్ళు" అన్నాడు. వాళ్ళ గురించే అన్నాడు. నన్ను చూస్తూ అన్నాడు.

నీకేమైనా రాయమంటావా అని అమ్మను అడిగాను. "బాగా తినమని రాయి" అంది. ఇంకేమైనా అన్నాను. "ఇంకేమీ వద్దు" అంది. నీ ఉత్తరాలు చదవమని ఇప్పుడు అడగడం లేదు. కోపమనుకోను. దానికి పేరేంటో నాకు తెలియదు. అది నీకే తెలియాలి, మాటలు చదువుకున్నదానివి.

బాబాయి చిరునామా కింద రాశాను. చేరుతుందో లేదో చెప్పలేను.

దామి

*

జోగ్జా,
మే.

బోలి బాబాయికి,

దామి అన్నయ్య అంతా రాశాడు. ఈ ఉత్తరం ఎన్నోసార్లు మొదలుపెట్టి చింపేశాను. ప్రతిసారీ చదువుకుంటే అందంగా ఉంటోంది. అందుకే చింపేశాను. ఇది అలా లేకుండా రాయడానికి చూస్తున్నాను.

తప్పు చేశాను. ఎవరినీ అడగకుండా నీ చెయ్యి తీసుకుని నాకు కావలసినట్టు వాడుకున్నాను. పొరపాటున జరగలేదు. ఒడ్డుకు నాన్న కాకుండా నువ్వొచ్చావని నీ మీద కోపంతో చేశాను. నువ్వు బతికి రావడం నీ నేరం కాదు. నన్ను క్షమించు బాబాయ్.

ఇప్పుడు క్లాసులకు వెళ్తున్నాను, టైపు పని చేస్తున్నాను. మధ్యాహ్నాలు మిగతావాళ్ళ పుస్తకాలు టైపు కొట్టడమే హాయిగా ఉంది, అందులో నా మాట ఒక్కటీ ఉండదు. రాయడం లేదు. మా మేడం ఆ కథను ఒక సంకలనంలో వేస్తామంటే వద్దన్నాను. అమ్మ నాతో మాట్లాడటం మానేసింది, అన్నయ్య రాసేది ఎప్పుడో ఒక కార్డు.

జరిగింది జరిగినట్టు మళ్ళీ రాసి అదే పత్రికకు పంపమని అన్నయ్య అంటున్నాడు, ఊళ్ళో ఇంకా కొందరికి అచ్చయిందే నిజం కాబట్టి. నీ మాట లేనిదే ఒక్క అక్షరం రాయను. రాయొద్దంటే రాయను.

లియా

*

తావావ్ దగ్గర తోట,
ఆగస్టు.

లియాకు,

నీ ఉత్తరం చేతులు మారి మారి నాకు అందింది. నేను మూడో తరగతి దాకానే చదివానని నీకు తెలుసు. తప్పులుంటే సర్దుకో. కొంత మా గదిలో ఉండే బూగిస్ జాతి కుర్రవాడు రాసిపెట్టాడు. కొంత నేనే రాశాను.

ఇక్కడ పని గెలలు కోయడం. పొడుగు గెడకు కొడవలి కట్టి కోస్తాం. గెల చిన్నపిల్లాడంత బరువుంటుంది, కింద నిలబడితే చచ్చిపోతాం. అన్నం పెడతారు. చేప పెడతారు గానీ అది చేప కాదు. సముద్రం కనబడదు. మొదట్లో నిద్ర పట్టలేదు, ఇప్పుడు పడుతోంది. ఇక్కడ ఎవరికీ నేనెవరో తెలియదు. చెవి ఎలా తెగిందని అడుగుతారు, కుక్క కరిచిందని చెప్తాను.

క్షమించమన్నావు. దాని సంగతి ఇంకా ఆలోచించలేదు. పని ఎక్కువగా ఉంది.

అన్న సంగతి రాయొచ్చా అని అడిగావు. రాయి. పేరు మార్చకు. బోలి అని నా పేరే పెట్టు, సబోన్ అని మీ నాన్న పేరు పెట్టు, ఊరి పేరు పెట్టు. అప్పుడు తప్పు రాయడానికి నీకు భయమేస్తుంది. పేరు మార్చావు కాబట్టే ఆ భయం లేకపోయింది. రాశాక ముందు వదినకు వినిపించు. ఆమె ఊ అంటేనే పంపు. ఆమె నీతో మాట్లాడటం లేదన్నావు, దానికీ అదే దారి. ఇంకో దారి నాకు తెలియదు.

ఒకటి దామికి చెప్పలేదు, వదినకూ చెప్పలేదు. వేళ్ళు విప్పుతున్నప్పుడు నేను అన్నను తిట్టాను. నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాను. ఆయన నవ్వాడు. అది కూడా రాయి.

మళ్ళీ ఉత్తరం రాయాలనిపిస్తే రాయి. నా జవాబు కోసం మాత్రం ఎదురుచూడకు. నా మాట నమ్ముకుని ఒక మనిషి నాలుగేళ్ళు ఎదురుచూసింది. ఇంకెవరూ చూడొద్దు.

బోలి